వాగు అవతలి తలుపు

లెక్కల సారు పోయారని మా పాత స్టాఫ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను ఖానాపురం హవేలి వీధిలో కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతున్నాను. లేతవో ముదురువో చూడటానికి కొసలు విరుస్తుంటే బండివాడు గుర్రుగా చూస్తున్నాడు. మెసేజ్ చదివి, చేతిలో విరిగిన కాయ వంకే చూస్తూ నిలబడిపోయాను.

"తీసుకుంటవా అమ్మా, ఊకనే ఇరుస్తవా?" అన్నాడు బండివాడు.

తీసుకున్నాను. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. వండబుద్ధి కాలేదు.

బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు మూలలుంటాయని నాకు చూపించింది ఆయనే. అప్పటికి నేను ఇరవై ఏళ్ళుగా బెండకాయలు కోస్తున్నదాన్ని. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి అడవిలోకి నడిస్తే వచ్చే ఆశ్రమ పాఠశాలలో ఆయన లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేదాన్ని. ఒకరోజు ఆయన క్లాసు ముందు నుంచి వెళ్తూ చూస్తే పిల్లలంతా నేల మీద బోర్లా పడుకుని, బెండకాయ ముక్కలకు రంగు పూసి బండల మీద అద్దుతున్నారు. "సందు లేకుండ నింపాలె. ఎవరు నింపితే వాళ్ళకు నా పెన్ను" అని పందెం కట్టారట. ఎవరికీ నిండలేదు. ఎలా అద్దినా మధ్యలో ఖాళీ మిగులుతోంది. పిల్లలు విసిగిపోయాక అప్పుడు చెప్పారు, ఐదు మూలలది నేలను నింపదని, ఆరు మూలలది నింపుతుందని. మర్నాడు ఒక పిల్లవాడు అడవిలోంచి ఎండిన తేనెపట్టు ముక్క తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టాడు. ఆయన దాన్ని ఎంతసేపు చూశారంటే, ఆ పీరియడ్ అయిపోయింది.

హాస్టల్ వంటమనిషి మాత్రం వచ్చి గొడవ పెట్టుకుంది. "కాయలన్నీ బొమ్మలకే పాయె. పులుసు దేనితోని పెట్టాలె సారూ?"

"ముక్కలు మళ్ళ ఇస్త గదమ్మా."

"రంగు పూసిన ముక్కలా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెవుల గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. అందరికీ సిగ్గు మొహంలో కనిపిస్తుంది, ఆయనకు చెవుల్లో కనిపించేది. మొహం మామూలుగానే ఉండేది, చెవులు మాత్రం కల్లంలో పోసిన మిరపకాయల్లా అయ్యేవి.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఏది కనిపించినా చెయ్యి చాచి, బొటనవేలు నిలబెట్టి, ఎడమ కన్ను మూసి కొలిచేవారు. చెట్టును, గుట్టను, చివరికి స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరును కూడా. ఒకసారి పాల్వంచ బస్సులో మేమిద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. అవతల కిటికీలోంచి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించేసరికి ఈయన చెయ్యి లేచింది, కన్ను మూసుకుంది. ఆ కిటికీ పక్కన ఒకామె కూర్చుని ఉందన్న సంగతి ఆయన చూడలేదు.

"ఏందయ్యా, కన్ను గొడుతున్నవ్? నీకు అక్కచెల్లెండ్లు లేరా?" అంది ఆమె, బస్సంతా వినబడేట్టు.

కండక్టర్ లేచి వస్తున్నాడు. నేనే లేచి, "లెక్కల సారమ్మా ఆయన. పొగగొట్టం కొలుస్తున్నరు" అన్నాను.

"పొగగొట్టాన్ని కన్ను గొట్టి కొలుస్తరా?"

బస్సు బస్సంతా నవ్వింది. ఆయన మా స్టాపు రాకముందే దిగిపోయారు. నేను తలవంచుకుని కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చున్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన అంతదూరం ఎండలో నడిచి, ఫస్ట్ బెల్లు అయ్యాక చెమటలు కక్కుతూ బడికి వచ్చి, నేరుగా నా దగ్గరికి వచ్చారు. "మీకు గూడ సిగ్గు తెచ్చిన మేడం" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గంత పెద్ద పొగగొట్టం నా గోరుల సగం లేదు" అన్నారు.

సిగ్గుపడటం ఒక విద్య అయితే ఆయన అందులో ఆరితేరినవారు. బోర్డు మీద లెక్క తప్పితే చాక్‌పీస్ కింద పెట్టి, పిల్లల వైపు తిరిగి, "తప్పు జేసిన. ఎవరు జూసిన్రు?" అని అడిగేవారు. చూసినవాళ్ళను పిలిచి చాక్‌పీస్ చేతికిచ్చేవారు. అయ్యాక, "సిగ్గయితే అయింది గానీ లెక్క తేలింది" అనేవారు. నేను బోర్డు మీద తప్పు రాస్తే, పిల్లలు చూసేలోపు మోచేత్తో తుడిచేసేదాన్ని. మా బడిలో చాలామందిమి అంతే.

ఆయనది ఇల్లందు. తండ్రి బొగ్గు బాయి పనికి పోయేవాడు. చిన్నప్పుడు బొగ్గు బండ్ల పట్టాల మధ్య నిలబడి చూస్తే, రెండు పట్టాలూ దూరంగా ఒకచోట కలిసినట్టు కనిపించాయట. "అవి కలిసే జాగ జూద్దామని నడుసుకుంట పోయిన మేడం. మా నాయిన ఎతుక్కుంట వచ్చి ఈపు పలగ్గొట్టిండు. ఎన్నడు కలవయని దెబ్బలు తిన్నంక తెలిసింది. కానీ కలిసినట్టు కనబడుడు అబద్ధం గాదు గద? దానికీ ఒక లెక్క ఉంటది గద?" ఆ లెక్క కోసమే తాను లెక్కల సారునయ్యానని చెప్పేవారు. బొమ్మ వేయడం వేరు, లెక్క చేయడం వేరు అని ఎవరైనా అంటే ఆయనకు కోపం వచ్చేది. అదొక్క దానికే వచ్చేది.

ఇక ఆ గోడ సంగతి చెప్పాలి.

డిపార్ట్‌మెంటు నుంచి పెద్దసారు బడి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ప్రార్థన చేసే మైదానం పక్కనున్న పొడవాటి గోడ మీద ఏదైనా మంచి బొమ్మ వేయించమని హెడ్మాస్టరు అన్నారు. నెమలో, జాతీయ జెండానో ఆయన మనసులో ఉండి ఉంటుంది. లెక్కల సారు మాత్రం, "మన ఊరినే ఏద్దాం సార్, కొలతతోని" అన్నారు.

గోడ కుడి చివర, తన కంటి ఎత్తున ఒక మేకు కొట్టారు. దారాలకు నీలిమందు పూసి, ఒక కొస మేకుకు కట్టి, రెండో కొస పిల్లలతో పట్టించి, లాగి వదిలారు. గోడ మీద నీలం గీతలు పడ్డాయి. రోడ్డు అంచులూ ఇళ్ళ చూరులూ అన్నీ ఆ మేకు దగ్గరికే పరుగెత్తాయి. బడి గేటు దగ్గర నిలబడి చూస్తే ఊరు ఎలా కనిపిస్తుందో అలాగే రావాలి. పిల్లలు గేటు నుంచి ఒక్కో ఇంటికి అడుగులు లెక్కపెట్టి వచ్చేవారు. దూరం రెండింతలైతే బొమ్మలో ఎత్తు సగం, మూడింతలైతే మూడో వంతు. భాగహారం అంటే ఏడ్చే పిల్లలు ఆ నెలలో గోడ మీద భాగహారాలు చేశారు. నేను నా తెలుగు పీరియడ్లు కూడా ఆయనకే ఇచ్చేశాను.

గోడ పూర్తయ్యాక చూస్తే, నిజం చెప్తున్నా, కళ్ళు తిరిగాయి. ముందు బడి గేటు, నిలువెత్తు. తర్వాత కిరాణా కొట్టు, బోరింగు, ఇళ్ళు, పత్తి చేలు, వాగు, అన్నీ చిన్నవవుతూ చిన్నవవుతూ మేకు దగ్గరికి పోయాయి. గోడలోకి నడిచిపోవచ్చనిపించింది. అందరం ఫోన్లలో ఫోటోలు తీసుకున్నాం. హెడ్మాస్టరు ముగ్గురికి ఫోన్ చేసి చెప్పారు.

వాగు అవతల ఒక గుంపు ఉంది. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు వాళ్ళు. ఎప్పుడు ఎవరొచ్చి లేచి పొమ్మంటారోనని భయంభయంగా బతికేవాళ్ళు. ఆ గుంపు నుంచి ఎనిమిదో తరగతిలో దేవే అనే అమ్మాయి ఉండేది. తమ ఇల్లు బడి గోడ మీదికి వచ్చిందని ఇంటికి పోయి తల్లితో చెప్పింది. మర్నాడు సాయంత్రం మిరప కోతకు పోయి వస్తూ ఆ తల్లి బడికి వచ్చింది. బిడ్డను చేర్చాక ఆమె బడి లోపలికి రావడం అదే మొదటిసారి. చేతులకు కారం మండుతోందేమో, కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

గేటు బొమ్మ దగ్గర మొదలుపెట్టి, రోడ్డు వెంబడి వేలు పోనిస్తూ నడిచింది. కిరాణా కొట్టు, బోరింగు, చేలు, వాగు. మేకు దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ వడ్లగింజంత గోధుమరంగు చుక్కలున్నాయి. ఆమె ముఖం దగ్గరగా పెట్టి చూసి, బిడ్డను కోయలో ఏదో అడిగింది.

"మా అమ్మ మా ఇంటికి తలుపేది అంటున్నది సార్" అంది దేవే.

సారు సంతోషంగా ముందుకొచ్చారు. ఆయనకు చెప్పడమంటేనే సంతోషం. బొటనవేలు నిలబెట్టి చూపిస్తూ, "గంత దూరం కెల్లి చూస్తే ఇల్లే గింత కనబడ్తది. ఇంక తలుపు కుంచె ఎంటుక కంటె సన్నగొస్తది. లెక్క ప్రకారం రాదమ్మా" అన్నారు. దేవే ఆ మాట తల్లికి చెప్పింది. తల్లి విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, ఇంకో మాటంది. దేవే తలవంచుకుంది.

"ఏమన్నది?" అన్నారు సారు.

"ఏం లేదు సార్."

"ఏమన్నది, చెప్పు బిడ్డా. దాచకు."

"కోపానికి రావద్దు సార్."

"రాను. చెప్పు."

"మా ఇంటికాడికెల్లి చూస్తే మీ బడి గూడ గింతనే కనబడ్తది అంటున్నది. కానీ బడికి తలుపు లేదని మేం ఎన్నడు అనలేదు అంటున్నది."

మైదానంలో ఉన్న మేమంతా విన్నాం. ఒకరిద్దరు నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడటం చూసి నేను ముఖం తిప్పుకున్నాను. తల్లీ బిడ్డా వెళ్ళిపోయారు. ఆయన చాలాసేపు ఆ చుక్కల ముందే నిలబడ్డారు.

ఆ ఆదివారం నన్ను తోడు రమ్మన్నారు. మగమనిషి ఒక్కడే పోతే గుంపులో వాళ్ళు భయపడతారని. వాగు దాటి పోయాం. దేవే తల్లి నులకమంచం వాల్చి, దొప్పల్లో జావ ఇచ్చింది. ఆయన తాగి, గుడిసె తలుపు చూశారు. వెదురు తడిక తలుపు అది. చుట్టూ ఎర్రమట్టి అంచు, దానిపైన సున్నంతో వేసిన చేతి గుర్తులు. తర్వాత బడి వైపు తిరిగి, చెయ్యి చాచి, కన్ను మూశారు. బడి ఆయన గోరు కింద మాయమైపోయింది. కన్ను తెరవకుండానే నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"చెరిపేస్త మేడం" అన్నారు తిరిగి వచ్చేటప్పుడు.

"అంత మాట దేనికి సార్? నల్లరంగుతో చిన్న గీత పెడితే తలుపయిపోతుంది. ఎల్లుండి పెద్దసారు వస్తున్నారు" అన్నాను.

"గంత దూరాన తలుపు ఏస్తే లెక్క తప్పు. ఎయ్యకపోతే మనిషి తప్పు. ఒక గీతతోని తీరేది గాదిది."

హెడ్మాస్టరు బతిమాలారు, తిట్టారు, "పిచ్చిలేసిందా?" అన్నారు. సారు వినలేదు. పెద్దసారు వచ్చే ముందు సాయంత్రం సున్నం కలుపుకుని గోడంతా తానే కొట్టారు. పిల్లలు ఏడ్చారు. నెల రోజుల కష్టం. దేవే కూడా ఏడ్చింది, అంతా తన వల్లే అయిందని. ఆయన సున్నం చేతులతోనే ఆ పిల్ల ముందు కూర్చుని, "నీ వల్ల నాకు తెలిసింది బిడ్డా" అన్నారు.

మర్నాడు పెద్దసారు ఇంకా తడి ఆరని తెల్లగోడ చూసి, "ఇదేనా మీరు చెప్పిన బొమ్మ?" అన్నారు. లెక్కల సారు ముందుకొచ్చి, పిల్లలందరి ముందూ చెప్పారు. "లెక్క సరిగ్గనే ఉండె సార్. నేను నిలబడ్డ జాగ తప్పు." పెద్దసారుకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా ఎవరం చెప్పలేదు. నాకు అంతా తెలుసు, నేనూ చెప్పలేదు. ఆయనకు మెమో వచ్చింది.

రంగులకు మళ్ళీ డబ్బులు రాలేదు. ఎర్రమట్టి, సున్నం, బొగ్గు పెట్టుకుని పిల్లలతో అదే గోడ మీద రెండో బొమ్మ వేయించారు. ఈసారి మేకు లేదు. ఒక పుల్ల విరిచి, "ఎవరి ఇల్లు వాళ్ళు ఏయున్రి. ఎత్తు మాత్రం అందరిది ఈ పుల్లంతనే" అన్నారు. బడి కూడా ఆ పుల్లంతే. "బడి గుడిసె లెక్క ఉన్నదయ్యా" అని హెడ్మాస్టరు గొణిగారు. వాగు అవతలి ఇళ్ళకు తలుపులొచ్చాయి. దేవే తమ తలుపు చుట్టూ చేతి గుర్తులు కూడా వేసింది. మొదటి బొమ్మతో పోలిస్తే అది చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. మేం ఎవరం ఫోటో తీసుకోలేదు.

దేవే తల్లి వచ్చి చూడాలని ఆయనకు ఒకటే ఆశ. ఆమె మిరప కోతలకు దూరపు ఊళ్ళకు వెళ్ళింది. "అమ్మ ఎన్నడొస్తది?" అని దేవేను అడుగుతూనే ఉండేవారు. "వస్తది సార్" అనేది ఆ పిల్ల. ఆమె రాకముందే వానలొచ్చాయి. ఎర్రమట్టి కారిపోయింది. ఆయన ఆ మరకలున్న గోడ ముందు నిలబడి, "పోనియ్" అనడం విన్నాను. ఆ మాట నాతో అన్నారో, గోడతో అన్నారో తెలియలేదు.

మొన్న సంతాప సభ పెట్టారు. అదే బడిలో, అదే మైదానంలో. ఫ్లెక్సీ వేయించడానికి ఆయన ఫోటోతో పాటు వెనకాల పెట్టడానికి ఏదైనా మంచి బొమ్మ ఉంటే పంపమని గ్రూపులో అడిగారు. నా ఫోనులో ఒక్కటే ఉంది. మొదటి గోడ. పైన చెప్పినదంతా నాకు తెలుసు. తెలిసే పంపాను. బొమ్మ బాగుంటుందని పంపాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, నాకు సంతోషమైంది కూడా.

సభకు పోయి చూశాను. ఎడమవైపు దండతో ఆయన మొహం. వెనక ఆయన చెరిపేసుకున్న గోడ, నిగనిగలాడుతూ. కుడి అంచున పై నుంచి కింద దాకా గుండ్రటి చక్రాల్లో 'అశ్రునివాళులతో' అని మా స్టాఫ్ ఫోటోలు. మేకు దగ్గర, వాగు అవతలి గుంపు ఉండాల్సిన చోట, నా మొహం ఉంది. ఏదో పెళ్ళిలో దిగిన ఫోటో అది, నవ్వుతున్నాను.

నాకు సిగ్గేసింది. ఎవరికైనా చెప్పి ఆ ఫ్లెక్సీ దించేయించాలనుకున్నాను. అప్పటికే మైకులో నా పేరు పిలిచారు. లేచి, ఆయన గొప్ప చిత్రకారుడని, ఈ గోడే సాక్ష్యమని మాట్లాడాను.

సభ అయ్యాక దేవే వచ్చి పలకరించింది. ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో నర్సు. పక్కన తల్లి ఉంది. జుట్టు నెరిసింది. "సారు పోయిండని చెప్తే తనే వస్తనన్నది మేడం. ఆమె ఈ బడిల కాలు పెట్టి ఎన్నేండ్లాయెనో" అంది దేవే.

ఆ తల్లి ఫ్లెక్సీ దగ్గరికి నడిచింది. గేటు దగ్గర వేలు పెట్టింది. రోడ్డు వెంబడి పోనిచ్చింది. కిరాణా కొట్టు, బోరింగు, చేలు, వాగు. నా మొహం మీద వేలు ఆగింది. తిరిగి నన్ను చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది. బిడ్డతో కోయలో ఒక మాటంది. దేవే నా వైపు చూసి, తలవంచుకుంది.

ఆయనైతే అడిగేవారు. చెప్పేదాకా వదిలేవారు కాదు.

బస్సుకు టైమవుతోందని దేవేకు చెప్పి బయల్దేరాను. బస్సుకు ఇంకా చాలా టైముంది.